స్తోత్రం పట్టిన ఇల్లు

మొన్నటి వానలకు మా వంటింటి స్లాబు చెమ్మగిల్లి, పొయ్యి పక్కనే చుక్కచుక్కగా కారడం మొదలుపెట్టింది. ఖమ్మంలో ఈ ఇల్లు కొన్నప్పుడు బిల్డరు, ఇక నూరేళ్ళు మీరు పైకి చూడక్కర్లేదన్నాడు. చూడక్కర్లేదన్నది నిజమే, చూస్తే కంట్లోనే పడుతోంది. మనవరాలు ఫోన్లో ఎవరినో వెతికి మేస్త్రిని పిలిపించింది. అరవై దాటిన మనిషి. భద్రాచలం దారిలో అడవి పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. నిచ్చెనెక్కి స్లాబును వేలి కణుపులతో అక్కడా ఇక్కడా కొట్టి చూసి, కిందికి దిగి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"గీడంత స్తోత్రం పట్టిందమ్మా. పైన పగులున్నది. అది పూడిస్తె గాని పోదు."

మనవరాలు నవ్వాపుకోలేక లోపలికి పోయింది. నేను చేతిలో టీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఏం పట్టిందన్నావు నాయనా?"

"స్తోత్రమమ్మా. కారుడు. మా అమ్మ గట్లనే అంటుండె. మీ దిక్కు ఏమంటరో మరి."

మీ ఊరేదని అడిగాను. చెప్పాడు. అక్కడిప్పుడు ఎవరూ లేరట. అందరూ తారు రోడ్డు పక్కకి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారట, గుడిసెలున్న చోట టేకు చెట్లు పెరిగాయట. ఆ ఊళ్ళో నేనూ కొన్నాళ్ళు పెరిగానని చెప్పబోయి మానేశాను. చెబితే ఆ మాట వాళ్ళ నోటికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అది మా ఇంటి నుంచే వెళ్ళింది.

మా నాన్న సువార్తికుడు. కృష్ణ అవతల పచ్చటి పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. కంచు గొంతు. ఆయన పాట ఎత్తుకుంటే పక్క వీధిలో బర్రె కూడా నెమరు ఆపేదని మా నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆ గొంతు పెట్టుకుని చక్కగా ఊళ్ళో బడిపంతులుగా ఉండక, అడవి నుంచి పిలుపు వచ్చిందన్నాడు. పిలుపు ఎవరికి వస్తేనేం, మూటలు కట్టుకుని వెళ్ళింది మాత్రం అందరం. అమ్మ, నేను, అమ్మ చంకలో తమ్ముడు.

కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషను బోర్డు మీద భద్రాచలం రోడ్డు అని ఉంది. అమ్మ మూట కింద పెట్టి, "వచ్చేశామాండీ?" అంది. "స్తోత్రం, ఇంకా కాస్త ఉంది," అన్నాడు నాన్న. ఆ కాస్తలో ఒక బస్సు, ఒక ఎడ్లబండి, ఒక వాగు, ఆ తర్వాత అమ్మ చెప్పు తెగిన కాలిబాట ఉన్నాయి. చెప్పు తెగినప్పుడు కూడా నాన్న స్తోత్రమే అన్నాడు. నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. చెప్పు తెగితే దేవుడికి ఎందుకు చెప్పాలో తెలియక, ఆయన చెప్పులు కూడా కుడతాడు కాబోలనుకున్నాను.

మాకిచ్చిన ఇల్లు వెదురు తడికలకు మట్టి పూసిన గుడిసె. పైన గడ్డి కప్పు. ఎండాకాలం లోపల చల్లగా, మట్టి వాసనతో బాగానే ఉండేది. తొలకరి పడ్డ రోజు తెలిసింది దాని అసలు గుణం. బయట వాన ఆగిపోయినా మా ఇంట్లో ఆగేది కాదు. అమ్మ గిన్నెలు, చెంబులు, చివరికి తమ్ముడి పాలగ్లాసు కూడా నేల మీద పరిచేది. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం చప్పుడు. పడుకోవడానికి పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ చాప నడిపించుకుంటూ పోయేవాళ్ళం. పుల్లలు తడిసి పొయ్యి రాజుకునేది కాదు. ఉప్పు నీరయ్యేది. నాన్న పాటల పుస్తకానికి చెదలు పట్టి, పాటల్లో సగం చరణాలు అవే తినేశాయి. చుంచులు, తేళ్ళు, తలలో పేలు సరేసరి.

వీటన్నిటికీ నాన్న దగ్గర ఒకటే మందు. మా ఇంట్లో సణగడానికి వీల్లేదు. ఏం జరిగినా ముందు దేవుడికి కృతజ్ఞతగా స్తోత్రం, తర్వాతే మిగతా మాట. "మంచి జరిగితే ఎవడైనా చెబుతాడే స్తోత్రం. చెడు జరిగినప్పుడు చెప్పాలి, అదీ విశ్వాసం," అనేవాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే అబ్బా అనకూడదు, స్తోత్రం అనాలి. అన్నంలో రాయి పంటికింద పడితే స్తోత్రం. తేలు కుట్టినా స్తోత్రమే, కాకపోతే కాస్త గట్టిగా. మాటలు రాని తమ్ముడు కూడా కింద పడితే ఏడుస్తూ తోత్తం తోత్తం అనేవాడు. నేను వాణ్ణి గిల్లి అనిపించేదాన్ని. అమ్మ చేసిన ఉప్మా గడ్డకడితే, నాన్న వినేట్టుగా "ఉప్మాకి స్తోత్రం" అనేదాన్ని. తిట్టడానికి వీల్లేని మాట కదా, ఆయన నా వైపు ఒక చూపు చూసి ఊరుకునేవాడు.

ఒకసారి నాన్న గడ్డి మోపు భుజాన వేసుకుని కప్పు మీదికెక్కుతుంటే అడిగాను. "కారితే స్తోత్రం అన్నావుగా నాన్నా. మరి దాన్ని ఎందుకు మూసేస్తున్నావు?" నాన్న పైనుంచి నన్ను చూసి, కాసేపు ఆలోచించి, "నీకు నోరు ఎక్కువైంది, ఆ తాడందుకో," అన్నాడు. తాడందించాను. జవాబు మాత్రం నాకింకా రాలేదు.

మా పక్క గుడిసెలో ఒక పెద్దావిడ ఉండేది. ఆమె పేరు అడిగినా చెప్పలేదు, మేమే చుట్ట పెద్దమ్మ అని పెట్టుకున్నాం. పెదవి మూలన ఎప్పుడూ ఆకు చుట్ట ఉండేది. చుట్ట తీయకుండానే మాట్లాడేది, నవ్వేది, నీళ్ళ కుండ మోసేది. వాళ్ళింట్లో కోయ మాట్లాడుకునేవాళ్ళు. మాతో మాత్రం ఆమె తనకొచ్చిన తెలుగు మాట్లాడేది. మొగుడు లేడు, కొడుకులు వేరే గుడిసెల్లో ఉండేవాళ్ళు. అమ్మ వచ్చిన కొత్తలోనే ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, ఆకు దొన్నెలో ఏదో పెట్టి పోయింది. ఎండిన ఇప్పపూలు, నువ్వులతో కలిపి దోరగా వేయించినవి. ఇల్లంతా తియ్యటి మత్తు వాసన.

"ఏమండీ, ఇది సారా కాచే పువ్వు కదా?" అంది అమ్మ గొంతు తగ్గించి.

నాన్న దొన్నెను చూసి, గుమ్మం వైపు చూసి, ఇబ్బందిగా దగ్గాడు. "పారెయ్యకు, ఆమె చూస్తుంది. తినకు కూడా."

అమ్మ దాన్ని ఉట్టి మీద పెట్టింది. నేనూ తమ్ముడూ పీట వేసుకుని దించుకుని తిన్నాం. కిస్‌మిస్‌లాగా పళ్ళకి అంటుకునే తీపి. ఆ సాయంత్రం ప్రార్థనకు నాన్న పక్కన కూర్చుంటే ఆయన మధ్యలో ఆగి, ముక్కు ఎగబీల్చి, నా నోటి దగ్గర వాసన చూశాడు. పిల్లలు తాగారేమోనని ఆయన ముఖం చూడాలి మీరు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడు నాన్న వెళ్ళి పెద్దమ్మనే అడిగాడు, ఇందులో మత్తు ఉంటుందా అని. "వేయించుకుంటె బువ్వ, మురగబెడితె సారా. నీకేది గావాలె సారూ?" అందట. ఆ తర్వాత మా ఇంట్లోకి ఇప్పపువ్వు రాజమార్గానే వచ్చింది.

అమ్మకి అడవి నేర్పింది ఆమె. తడి పుల్లలు పొయ్యి పైన ఎలా పేర్చి ఆరబెట్టాలో, ఏ పుట్టగొడుగు తినొచ్చో, దోమలకు ఏ ఆకు పొగ వేయాలో అన్నీ. మధ్యాహ్నాలు ఇద్దరూ గుమ్మంలో ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకునేవాళ్ళు. వాన పడితే తను కూడా వచ్చి అమ్మతో గిన్నెలు సర్దేది. అమ్మ పైకి చూసి స్తోత్రం అనేది. పెద్దమ్మ కూడా అక్కడికే తలెత్తి చూసేది. అమ్మ ఎక్కడ స్తోత్రం అంటే అక్కడ చుక్క పడుతోంది. కాలు మెలికపడితే అమ్మ స్తోత్రం అంది, పెద్దమ్మ ఆ కాలు పట్టుకుని చూసింది. చెదలు పట్టిన పుస్తకాన్ని దులిపి నాన్న స్తోత్రం అన్నాడు, పెద్దమ్మ ఆ చెదలను చూసింది. ఇక ఆమె ఏమని నేర్చుకుంటుంది?

ఒక పొద్దున పెద్దమ్మ చేను నుంచి తిరిగొచ్చి మా గుమ్మంలో కూలబడింది. "పందులు పడ్డయ్ బిడ్డా. జొన్నంత స్తోత్రం. ఏం మిగల్లే," అంది అమ్మతో.

అరుగు మీద గడ్డం గీసుకుంటున్న నాన్న చెయ్యి ఆగిపోయింది. ముఖం నిండా సబ్బు నురగ, కళ్ళనిండా నీళ్ళు. పెద్దమ్మ వెళ్ళాక అమ్మతో, "విన్నావా? పంటంతా పోయినా స్తోత్రం చెల్లిస్తోంది. మనం చెప్పకుండానే. ఇన్నాళ్ళ కష్టానికి ఇదే ఫలం," అన్నాడు. ఆ రోజంతా నేల మీద నడవలేదాయన.

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఎందుకంటే నేను ఊరి పిల్లలతో తిరిగేదాన్ని. వాళ్ళ కుండకి చిల్లు పడితే "కుండకు స్తోత్రం పడ్డది" అనేవాళ్ళు. మేకకి కుంటు వస్తే స్తోత్రం. ఒకడికి కంటి కురుపు లేస్తే వాడి కన్ను చూపించి "స్తోత్రం, స్తోత్రం" అని ఎగిరారు. నేను వాగు దగ్గర బట్టలుతుకుతున్న అమ్మకి ఈ సంగతి చెప్పాను. "అమ్మా, వీళ్ళు స్తోత్రం అంటే కష్టం అనుకుంటున్నారే. కారడం, చిల్లు పడడం, నొప్పి పుట్టడం, అన్నీ స్తోత్రమేనట."

అమ్మ చేతిలో బట్ట ఆపి నా వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వు మొదలైంది ఆమెకి. అంత నవ్వు నేను అప్పటిదాకా చూడలేదు. బండ మీద కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత కూడా ఆ నీళ్ళు ఆగలేదు. నేను బెదిరిపోయి, "నాన్నకి చెప్పనా?" అన్నాను.

"వద్దులే. ఆయన సంతోషంగా ఉన్నారు," అంది, ముఖం కడుక్కుని.

ఆ తర్వాత అమ్మ ఆ మాట ఇంకాస్త ఎక్కువగా అంటున్నట్టు నాకు తోచింది. అంతకుముందు మొక్కుబడిగా గొణిగేది. ఇప్పుడు ఇల్లు కారితే నాన్న వైపు సూటిగా చూసి, స్పష్టంగా, ఒక్కో అక్షరం పలుకుతూ స్తోత్రం అనేది. నాన్న సంబరపడి తనూ స్తోత్రం అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య కూర్చుని నేను ఎవరి ముఖం చూడాలో తెలియక అన్నం మెతుకులు లెక్కపెట్టుకునేదాన్ని.

కొన్నాళ్ళకి పట్నం నుంచి, నాన్నని పంపిన మిషన్ పెద్దయ్యగారు పని చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. మమ్మల్ని ఇక్కడే ఉంచాలా, రోడ్డు దగ్గరి ఊరికి మార్చాలా అన్నది ఆయన చేతిలో ఉంది. అమ్మకి మారాలని ఉంది. పైకి అనలేదు గాని, రోడ్డు దగ్గర బడి ఉందట, కొళాయి ఉందట అని నాతో అంటూ ఉండేది. అప్పటికే ఆమె బాగా చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. "ఆయన ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నది చెప్పు," అన్నాడు నాన్న.

"ఉన్నదే చెబుతాను," అంది అమ్మ.

పెద్దయ్యగారు జీపు వాగు అవతల వదిలి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వచ్చారు. ఊరివాళ్ళు పది మంది దాకా మా అరుగు ముందు కూర్చున్నారు. ఆయన చాలా ప్రేమగా అడిగారు. "మీరంతా స్తోత్రం చెబుతున్నారని విన్నాను. నిజమేనా?"

ఊరి పెద్ద తలూపాడు. "అవ్ సారూ. సారోళ్ళింట్ల దినాం స్తోత్రమే. మాకు గప్పుడప్పుడొస్తది. వానకాలంల జర ఎక్కువ."

పెద్దయ్యగారు ఉప్పొంగిపోయారు. "వానాకాలంలో ఉజ్జీవం, విశ్వాసం పొంగుతోందన్నమాట," అన్నారు నాన్నతో. నాన్న తల వంచుకుని వినయంగా చేతులు కట్టుకున్నాడు. నాకు నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. అమ్మ ముఖంలో ఏమీ లేదు. ఆయన కోడికూర అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అమ్మని అడిగారు. "ఏం తల్లీ, ఇక్కడ ఎలా ఉంది?"

అమ్మ తలెత్తి నాన్నని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. "స్తోత్రమండీ," అంది.

"నీలాంటి భార్య ఉండబట్టే ఈ పని సాగుతోందమ్మా," అన్నారాయన. ఇంకొన్నాళ్ళు ఇక్కడే కొనసాగమని నాన్న భుజం తట్టి వెళ్ళిపోయారు. అరుగు చివర కూర్చున్న పెద్దమ్మ మాత్రం చుట్ట నోట్లోంచి తీసి అమ్మ వంక చాలాసేపు చూసింది.

ఉన్నదే చెప్పానని అమ్మ అనుకుందా? వద్దనుకుని చెప్పలేదా? అడగాలని నాకు తోచలేదు.

ఆ ఏటి వానలు మామూలు వానలు కావు. వాగు పొంగి ఊరు దీవి అయిపోయింది. అమ్మకి చలిజ్వరం పట్టింది. రోజు విడిచి రోజు వణుకు. ఉన్న దుప్పట్లన్నీ కప్పి నేను మీద కూర్చున్నా ఆగేది కాదు. మర్నాడు కాస్త తేరుకుని లేచి వండేది. పట్నం నుంచి తెచ్చిన చేదు మాత్రలు అయిపోయాయి. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు. మా నాన్న చెడ్డవాడు కాడు, అది ముందే చెబుతున్నాను. అమ్మ నుదుటి మీద తడిగుడ్డ మార్చేవాడు, గంజి కాచి తాగించేవాడు. "ఎలా ఉందే?" అని ఆయన అడిగేవాడు. "స్తోత్రమండీ," అనేది అమ్మ. "స్తోత్రం, తగ్గుముఖం పట్టింది," అని ఆయన ఊపిరి పీల్చుకునేవాడు. నేను మంచం పక్కన నిలబడి ఇద్దర్నీ చూసేదాన్ని. అమ్మ చెబుతున్నది ఏ స్తోత్రమో తెలిస్తేగా నేను నాన్నకి చెప్పడానికి?

ఒక ఉదయం కూడా అలాగే అడిగి, అదే జవాబు విని, ఊరి చివర ఇంకెవరికో జ్వరమంటే ప్రార్థనకు వెళ్ళాడు. ఆయన వెళ్ళాక అమ్మ కళ్ళు తెరవలేదు. పెదవులు నల్లబడ్డాయి. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకు లాగుతూ ఏడుస్తున్నాడు. అప్పుడే పెద్దమ్మ ఆకులో పుట్టగొడుగులు పట్టుకుని వచ్చింది.

"ఏందే బిడ్డా, గిట్ల పండినవ్?"

అమ్మ ఆమె గొంతు విని కళ్ళు తెరిచింది. "స్తోత్రం పెద్దమ్మా," అంది. కాసేపాగి, ఊపిరి కూడగట్టుకుని, "పెద్ద స్తోత్రం," అంది.

పెద్దమ్మ చేతిలో ఆకు అక్కడే పడిపోయింది. అమ్మ మెడ మీద చెయ్యి పెట్టి చూసి, బయటికి వెళ్ళి వాళ్ళ భాషలో పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ కేకలో నాకు తెలిసిన మాట ఒక్కటే, స్తోత్రం. చేలల్లోంచి మగవాళ్ళు పరుగున వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మని మంచంతో సహా బయటికి తెచ్చి, మంచాన్ని వెదురు బొంగుకి తాళ్ళతో కట్టి, పైన తాటాకు గొడుగులు పరిచి భుజాలకెత్తుకున్నారు. తమ్ముణ్ణి పెద్దమ్మ కోడలు తీసుకుంది. నేను మంచం వెంట పరుగు.

వాగు ఒడ్డున నాన్న ఎదురయ్యాడు. మంచం మీద అమ్మని చూశాడు. "ఏమిటిది? ఎక్కడికి? పొద్దున తగ్గిందే. నేనడిగాను కదా, స్తోత్రం అంది కదా," అన్నాడు.

పెద్దమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. వానకి చుట్ట ఆరిపోయి పెదవికి అంటుకునుంది.

"అవ్, స్తోత్రమనే కద అంటంది. ఎన్నొద్దుల సంది అంటంది. ఊరంత ఇనబడ్డది. నీకు ఇనబళ్ళేదా సారూ?"

నాన్న ఆమెని చూశాడు, మంచం మోస్తున్న వాళ్ళని చూశాడు. నీళ్ళలోకి దిగబోతున్న పెద్దమ్మ కొడుకు భుజం పట్టుకుని, "స్తోత్రం అంటే మీ దగ్గర ఏమిటయ్యా?" అన్నాడు.

అతను మంచం వైపు గడ్డంతో చూపించాడు. "గిదే సారూ," అన్నాడు. "జల్దీ పట్టు, నీళ్ళు పెరుగుతున్నయ్."

నాన్న బొంగు కింద భుజం పెట్టాడు. ఛాతీ లోతు నీళ్ళు. నేను ఎవరి మెడ మీదో కూర్చుని జుట్టు పట్టుకున్నాను. ఆ వాగు దాటినంత సేపూ నాన్న నోట ఆ మాట రాలేదు. అవతల రోడ్డెక్కాక వెదురు లారీ దొరికింది.

దవాఖానాలో డాక్టరు నాన్నని అందరి ముందూ తిట్టాడు. చదువుకున్నవాడివి, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఫినాయిలు వాసన, పాలల్లో ముంచిన రొట్టె, కిటికీలోంచి బస్సుల హారన్లు. అమ్మ మెల్లగా కోలుకుంది. పెద్దయ్యగారు పరుగున వచ్చి, ఇక అడవికి వెళ్ళనక్కర్లేదు, రోడ్డు మీది ఊరికి మార్చేస్తానన్నారు. నాన్న అమ్మ వైపు తిరిగి, "నువ్వెలా అంటే అలాగే," అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

అమ్మ గోడ వైపు చూస్తూ పడుకుంది. "వెనక్కే వెళ్దాం," అంది.

నా మతి పోయింది. కొళాయి, బడి అన్న మనిషేనా? తర్వాత తల దువ్వుతుంటే అడిగాను, ఎందుకన్నావలాగని. "అక్కడ ఒక మాటంటే చాలు, వచ్చి చూస్తారు," అంది. అంతే. నాన్న మీద కోపంతో అందా, పెద్దమ్మ మీద ప్రేమతో అందా, లేక పని ఆగిపోకూడదని అందా, నాకు తెలియలేదు.

వెళ్ళేముందు పట్నంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. నాన్న లేచి జరిగిందంతా చెప్పాడు. తనకు వినబడలేదని కూడా దాచకుండా చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. చివర్లో, ఊరివాళ్ళ పొరపాటును కూడా దేవుడు వాడుకున్నాడన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. పొరపాటు ఎవరిదా అని నేను ఆలోచిస్తూ ఆమేన్ అనడం మర్చిపోయాను.

ఊరికి తిరిగొచ్చిన రోజు పెద్దమ్మ తన గుమ్మంలో జొన్నలు చెరుగుతోంది. అమ్మ నేరుగా వెళ్ళి ఆమె ముందు నిలబడింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. అనవలసిన మాట ఒక్కటే ఉంది, ఆ ఒక్క మాటా ఇక్కడ ఇంకొకటైపోయింది. నోరు మూసుకుంది. కృతజ్ఞతకి వాళ్ళ భాషలో ఏమంటారో తెలుసుకుందామని నాన్న ఎప్పుడో అడిగితే, అట్లాంటిదొకటి ఎందుకు అన్నారట. పెద్దమ్మ చాట పక్కన పెట్టి, "జుట్టంత ఊడిందే బిడ్డా," అంది. అమ్మ ఆమె వెనక కూర్చుని, ముడి విప్పి, పేలు చూడడం మొదలుపెట్టింది. ఎండ వాలేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

ఆ తర్వాత నాన్న మా మీద స్తోత్రం రుద్దలేదు. తను మాత్రం అనేవాడు, అని ఒకసారి అమ్మ ముఖం చూసేవాడు. మేం పెద్దయ్యాం, ఆ ఊరు వదిలాం, నాన్న పోయాడు. తమ్ముడు ఆయన దారిలోనే పాస్టరయ్యాడు, గొంతు కూడా ఆయనదే. నాకు ఆ మాట నోటికి వస్తుంది గాని, ఏ స్తోత్రం అంటున్నానో నాకే తెలియని రోజులున్నాయి.

అమ్మ చివరి రోజులు ఖమ్మంలోనే, ఆసుపత్రిలో. ఒక మధ్యాహ్నం నేనూ తమ్ముడూ పక్కన ఉన్నాం. అమ్మ కళ్ళు మూసుకునే, "స్తోత్రం," అంది. తమ్ముడు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, "స్తోత్రం తండ్రీ," అన్నాడు. నేను లేచి నర్సు కోసం పరుగెత్తాను.

నర్సు వచ్చి సెలైన్ చూసింది, నాడి చూసింది. "ఏం అమ్మమ్మా, నొప్పుందా?" అంది. "స్తోత్రం," అంది అమ్మ. నర్సు నా వైపు తిరిగి, "ఎంత భక్తండీ, ఇంత బాధలో కూడా," అంది.

"భక్తి కాదమ్మా. ఆమెకి నొప్పిగా ఉంది. డాక్టరుగారిని పిలువు," అన్నాను.

తమ్ముడు నన్ను కోపంగా చూశాడు. డాక్టరు వచ్చి సూది వేయించాడు. కాసేపటికి అమ్మ కనుబొమల మధ్య ముడి విడిపోయింది. చెయ్యి చాపి నా వేళ్ళు వెతుక్కుని పట్టుకుంది. నన్ను చూసి, నెమ్మదిగా, మళ్ళీ అదే మాట అంది.

ఈసారి ఎవరిని పిలవాలో నాకు తెలియలేదు.